డాబా మీద సోలార్: లాభం ఎవరింటికి?

సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం అన్నారంలో ప్రీమియర్ ఎనర్జీస్ సోలార్ ప్యానెళ్లు తయారు చేస్తుంది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో షెడ్ల మీద కూడా ప్యానెళ్లు కనిపిస్తుంటాయి. అయినా ఇస్నాపూర్‌లోనో, రుద్రారంలోనో ఒక ఇంటాయన "మనమూ పెట్టిద్దామా?" అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. నాలుగేళ్లలో పెట్టిన డబ్బు తిరిగొస్తుందని అమ్మేవాళ్లు అంటారు. సున్నా బిల్లు వస్తుంటే లక్షలు పోయడం దేనికని పక్కింటివాళ్లు అంటారు. చిత్రమేమిటంటే ఇద్దరి మాటా నిజమే. కాకపోతే ఇద్దరూ వేర్వేరు ఇళ్ల గురించి మాట్లాడుతున్నారు.

ప్యానెల్ ధర ఎంత, సబ్సిడీ ఎంత అన్నవి సగం ప్రశ్నలే. ఆ ప్యానెల్ మీ బిల్లులో ఏ యూనిట్లను తప్పిస్తుంది, ఆ యూనిట్లకు మీరు ఎంత కడుతున్నారు అన్నదే అసలు ప్రశ్న.

కరెంటు లేని ఊరు, కరెంటు ఉన్న ఊరు

పదిహేనేళ్ల కిందట పల్లెల్లో సోలార్ అంటే కరెంటు తీగ చేరని ఇంటికి రెండు బల్బులు. 2010 జనవరిలో మొదలైన జాతీయ సోలార్ మిషన్ కింద చిన్న ప్యానెల్, ఒక బ్యాటరీ, రెండు మూడు దీపాల సెట్లకు సబ్సిడీ ఇచ్చారు. అప్పట్లో పోలిక కిరోసిన్‌తో. కిరోసిన్ దీపం వెలుగు తక్కువ, ఖర్చు ఎక్కువ కాబట్టి సోలార్ దీపం సులువుగా గెలిచింది. దాని బలహీనత బ్యాటరీ. మూడు నాలుగేళ్లకు అది చచ్చిపోతే కొత్తది కొనే స్తోమత చాలా ఇళ్లకు ఉండేది కాదు.

బంగ్లాదేశ్ అనుభవం ఇంకా పెద్దది. అక్కడ ఇడ్‌కాల్ అనే సంస్థ 2003 నుంచి వాయిదాల మీద 40 లక్షలకు పైగా ఇళ్లకు ఇలాంటి సెట్లు చేర్చింది. ఆ తర్వాత ప్రభుత్వ కరెంటు తీగ ఊరూరికీ వచ్చింది. చవకగా కరెంటు దొరుకుతుంటే సోలార్ వాయిదాలు కట్టడం జనం మానేశారు. ప్యానెళ్లు చెడిపోలేదు. వాటిని దేనితో పోల్చి చూడాలో అది మారిపోయింది.

మన దగ్గర ఇంటింటికీ కరెంటు ఇచ్చేందుకు 2017లో మొదలైన సౌభాగ్య పథకం నాటికే సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్లకు కరెంటు ఎప్పుడో చేరింది. కాబట్టి ఇప్పుడు సోలార్ పోటీ పడాల్సింది చీకటితో కాదు, కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఇచ్చే బిల్లుతో. ఆ బిల్లు ఎంత చవకైతే సోలార్‌కు గెలవడం అంత కష్టం.

పెట్టుబడి ఎంత?

ఒక కిలోవాట్ సోలార్‌కు నీడ పడని జాగా సుమారు 100 చదరపు అడుగులు కావాలి. మన ఎండకు అది సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. నెలకు 120. వానాకాలంలో మబ్బు పట్టిన రోజుల్లో తగ్గుతుంది, ఫిబ్రవరి, మార్చిలో బాగా వస్తుంది. మే నెలలో ఎండ మండిపోతుంటే ఇంకా ఎక్కువ రావాలి కదా అనిపిస్తుంది. కానీ ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ ఒళ్లు 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం పడిపోతుంది.

ధరలు ప్యానెల్ రకాన్ని, పెట్టే ఏజెన్సీని బట్టి మారతాయి. లెక్క కోసం ఒక కిలోవాట్‌కు 75 వేలు, రెండింటికి 1.40 లక్షలు, మూడింటికి 2 లక్షలు అనుకుందాం. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు ఇస్తుంది. మొత్తం 78 వేలు. మూడు దాటి ఎంత పెట్టినా అంతకు మించి రాదు. సబ్సిడీ పోగా చేతి నుంచి పడేది ఒక కిలోవాట్‌కు 45 వేలు, రెండింటికి 80 వేలు, మూడింటికి 1.22 లక్షలు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. సబ్సిడీ ముందుగా రాదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయ్యాకే బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతవరకు మొత్తం డబ్బు మీరే సర్దుకోవాలి. పైగా దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే సబ్సిడీ వర్తిస్తుంది. చవకగా వస్తున్నాయని దిగుమతి ప్యానెళ్లు బిగించుకుంటే ఆ 78 వేలూ పోయినట్టే.

నెట్ మీటరు ఏం చేస్తుంది?

పగలు ప్యానెళ్లు కరెంటు ఇచ్చే వేళకు ఇంట్లో పెద్దగా వాడకం ఉండదు. ఒకరు ఫ్యాక్టరీలో, పిల్లలు బడిలో ఉంటారు. ఫ్యాన్లు, టీవీ, కూలరు తిరిగేది రాత్రి. నెట్ మీటరు ఈ చిక్కు తీరుస్తుంది. పగలు మిగిలిన కరెంటు లైనులోకి వెళ్తుంది, రాత్రి కావాల్సింది లైను నుంచి వస్తుంది. బ్యాంకులో వేసుకుని తీసుకున్నట్టు. నెలాఖరుకు తీసుకున్న దాంట్లోంచి ఇచ్చింది తీసేసి, మిగిలిన యూనిట్లకే బిల్లు వేస్తారు. ఇచ్చిందే ఎక్కువైతే ఆ యూనిట్లు తర్వాతి నెలకు జమ అవుతాయి.

తెలంగాణలో ఈ జమకు ఏడాదిలో రెండుసార్లు, జూన్‌లో, డిసెంబరులో లెక్క తేలుస్తారు. అప్పటికీ మిగిలిన యూనిట్లకు డిస్కం తన సగటు కొనుగోలు ధర కట్టిస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో మిగిలినవి ఏప్రిల్, మే నెలల కూలర్లకు ఉపయోగపడతాయన్నమాట. అయితే మీరు వాడుకుని తప్పించుకున్న యూనిట్‌కు 7 నుంచి 9 రూపాయల దాకా మిగలొచ్చు. అమ్మిన యూనిట్‌కు అంత రాదు. కరెంటు అమ్ముకుని సంపాదిద్దామని అవసరానికి మించి ప్యానెళ్లు పెట్టుకుంటే లెక్క తప్పుతుంది.

అసలు సంగతి స్లాబుల్లో ఉంది

ఇంటి కరెంటుకు తెలంగాణలో ఒకే రేటు లేదు. నెలకు 100 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు 1.95 రూపాయలు, తర్వాతి 50 యూనిట్లు 3.10. వంద దాటి 200 లోపు వాడితే మొదటి వంద 3.40, ఆ పైవి 4.80. రెండొందలు దాటితే మొదటి 200 యూనిట్లూ 5.10 అయిపోతాయి. ఆ పైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, 800 దాకా 9.50.

దీనికి తోడు 2024 మార్చి నుంచి గృహజ్యోతి. ఆహార భద్రత కార్డు ఉన్న ఇల్లు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. ఒక్క యూనిట్ ఎక్కువై 201 అయితే మొత్తం కట్టాలి. 200 యూనిట్లకు 1,020 రూపాయలు, ఆ ఒక్క యూనిట్‌కు 7.70. కలిపి 1,027.70. సున్నాకూ వెయ్యికీ మధ్య ఒక్క యూనిట్ తేడా. రీడింగ్ తీసే అబ్బాయి ఎప్పుడొస్తాడా అని నెలాఖరులో మీటరు వైపు చూసే ఇళ్లు ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు.

ఫ్యాక్టరీల సంగతి వేరు. 11 కేవీ లైను మీద నడిచే పరిశ్రమ మొదటి యూనిట్ నుంచే 7.65 కడుతుంది. పనీ ఎక్కువగా పగలే. ప్యానెల్ ఇచ్చే ప్రతి యూనిట్ అక్కడికక్కడే ఖర్చయి, ఆ మేరకు మిగులుతుంది. పాశమైలారం షెడ్డుకు లాభమైనది పక్కనే ఉన్న ఊరి ఇంటికి లాభం కాకపోవడానికి కారణం ఇదే.

నాలుగు ఇళ్ల లెక్క

కింది లెక్కల్లో యూనిట్ చార్జీలే చూస్తున్నాం. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు సోలార్ పెట్టినా తప్పవు.

మొదటి ఇల్లు: కార్డు ఉంది, నెలకు 120 నుంచి 180 యూనిట్ల వాడకం. బిల్లు సున్నా. సోలార్ వల్ల తగ్గడానికి ఏమీ లేదు. 45 వేలు పెట్టినా, 80 వేలు పెట్టినా ఆ డబ్బు తిరిగొచ్చే దారి దాదాపు లేదు. ఈ ఇంటికి "నాలుగేళ్లలో వసూలు" అని చెప్పేవాళ్ల మాట వినకూడదు.

రెండో ఇల్లు: కార్డు ఉంది, కానీ ఎండాకాలంలో 230కి చేరుతుంది. ఆ నెలల్లో 1,251 రూపాయల బిల్లు. వీళ్లకు సోలార్ కన్నా ముందు చూడాల్సింది ఇంట్లోని పాత ఫ్యాన్లు. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు తాగుతుంది, కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 48 యూనిట్లు తగ్గుతాయి. 230 కాస్తా 182కు దిగుతుంది, బిల్లు సున్నా అవుతుంది. ఖర్చు మూడు ఫ్యాన్లకు 9 వేల చుట్టూ.

మూడో ఇల్లు: కార్డు లేదు, 150 యూనిట్ల వాడకం. బిల్లు 580. ఒక కిలోవాట్ పెడితే 120 యూనిట్లు పోయి 30 మిగులుతాయి, బిల్లు 60 రూపాయలకు లోపే. నెలకు 520 దాకా ఆదా. 45 వేలు తిరిగి రావడానికి ఏడేళ్లకు పైనే పడుతుంది. నష్టం కాదు, తొందరా లేదు.

నాలుగో ఇల్లు: ఏసీ, బోరు మోటారు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అన్నీ ఉన్నాయి. సగటున 400 యూనిట్లు. బిల్లు 2,690. మూడు కిలోవాట్లు పెడితే 360 యూనిట్లు పోయి 40 మిగులుతాయి. బిల్లు 78. నెలకు 2,612 ఆదా, ఏడాదికి 31 వేల పైచిలుకు. 1.22 లక్షలు నాలుగేళ్ల లోపే తిరిగొస్తాయి.

ఈ నాలుగో ఇంట్లోనే ఇంకాస్త లోతుకు వెళ్దాం. మొదటి కిలోవాట్ 9 రూపాయల యూనిట్లనూ 7.70 యూనిట్లలో కొన్నింటినీ తప్పిస్తుంది. ఆదా 1,054. రెండోది పెడితే వాడకం 160కి దిగి కింది రేట్లలో పడుతుంది. ఇంకో 1,008 తగ్గుతుంది. మూడోదానికి మిగిలేవి చవక యూనిట్లే. దాని వల్ల తగ్గేది 550. మొదటి రెండు కిలోవాట్లకు పెట్టిన 80 వేలు మూడేళ్ల రెండు మూడు నెలల్లో వసూలైతే, మూడోదానికి అదనంగా పెట్టిన 42 వేలకు ఆరేళ్లు దాటుతుంది. సబ్సిడీ 78 వేలు పూర్తిగా రావాలంటే మూడు పెట్టాల్సిందేనని అమ్మేవాళ్లు తొందరపెడతారు. మీ వాడకం 300 దగ్గర ఉంటే మూడోదాని గురించి ఇంకోసారి ఆలోచించుకోవాలి.

కిరాయి గదుల ఇల్లు

ఈ పారిశ్రామిక బెల్టులో ఇంకో రకం ఇల్లుంది. ఇస్నాపూర్, ముత్తంగి, పాశమైలారం ఊళ్లలో కింద ఓనరు, పైన వరసగా గదులు. వాటిల్లో బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కార్మికులు. వాళ్ల కార్డులు వాళ్ల రాష్ట్రాలవి కాబట్టి గృహజ్యోతి వర్తించదు.

ఇలాంటి ఇంటికి ఒకే మీటరు ఉండి 400 యూనిట్లు కాలితే 2,690 బిల్లు. అదే ఇంటికి మూడు మీటర్లుండి తలా 133 యూనిట్లు పడితే ఒక్కోదానికి 500 చొప్పున 1,500. అంటే మీటర్లు విడివిడిగా ఉన్న ఇంటికి సోలార్ లేకుండానే 1,200 దాకా తగ్గింది. అక్కడ మూడు కిలోవాట్లు ఒక మీటరుకు కలిపితే ఆ మీటరు 500 రూపాయలే తప్పుతాయి. మిగతా కరెంటంతా కొనుగోలు ధరకు డిస్కంకు పోతుంది. మీటరు ఒక్కటే ఉన్న ఇంటికి సోలార్ బాగా పనికొస్తుంది. మీటర్లు మూడున్న ఇంటికి, బోరు మోటారు ఉన్న మీటరుకు సరిపడా చిన్న సెట్టు చాలు.

అప్పు చేసి పెడితే

సూర్యఘర్ కింద ప్రభుత్వ బ్యాంకులు మూడు కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా అప్పిస్తున్నాయి. వడ్డీ ఏడాదికి 6.5 శాతం అనుకుందాం. 1.22 లక్షలు ఐదేళ్లలో తీర్చేలా తీసుకుంటే నెల వాయిదా సుమారు 2,390. నాలుగో ఇంటి ఆదా 2,612. కరెంటోళ్లకు కట్టే డబ్బుతోనే అప్పు తీరిపోతుంది, ఆరో ఏడు నుంచి మిగులు. మూడో ఇల్లు 45 వేలు పదేళ్లకు తీసుకుంటే వాయిదా 511, ఆదా 520. చెల్లుకు చెల్లు.

ఇప్పుడు అదే 1.22 లక్షలు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు వడ్డీయే 2,440. ఆదా అయినది దాదాపు అంతా వడ్డీకి పోయి, అసలు ఇంచుమించు అసలులాగే ఉంటుంది. ప్యానెల్ అదే, ఎండ అదే, డాబా అదే. బ్యాంకు గడప ఎక్కగలిగిన ఇంటికి లాభమైనది, ఎక్కలేని ఇంటికి గుదిబండ అవుతుంది. బ్యాంకు అడిగేవి కూడా చిన్నవేం కాదు. కరెంటు మీటరు దరఖాస్తుదారు పేరు మీదే ఉండాలి. ఎప్పుడో చనిపోయిన తాత పేరు మీదే మీటరు నడుస్తున్న ఇళ్లు ప్రతి ఊళ్లో ఉంటాయి. ముందు పేరు మార్పిడి చేయించుకోవాలి. మంజూరైన లోడు చూసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు సెట్లకు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదు. ఆ మేరకు తిరుగుడు తగ్గింది.

డాబా మీది చిక్కులు

రేకుల ఇల్లు, పెంకుటిల్లు ఈ బరువును, గాలి ఊపును సులువుగా తట్టుకోలేవు. గట్టి డాబా ఉండాలి. పక్కన మేడ లేచి నీడ పడితే ఉత్పత్తి పడిపోతుంది. పటాన్‌చెరు చుట్టూ ఊళ్లలో ఖాళీ జాగాలన్నీ అంతస్తులవుతున్నాయి కాబట్టి దక్షిణం వైపు ఎవరి జాగా ఉందో చూసుకోవాలి.

దుమ్ము ఇంకో సమస్య. ముంబయి హైవే మీద లారీలు, క్రషర్ల పొడి, ఫ్యాక్టరీల పొగ కలిసి అద్దం మీద పొరలా పేరుకుంటాయి. పదిహేను రోజులకోసారైనా కడగాలి. ఈ ప్రాంతపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. అవి పోసి వదిలేస్తే ఆరిన చోట తెల్లటి మచ్చలు మిగిలి, నెలలు గడిచేకొద్దీ గీకినా పోవు. మంచినీళ్లతో, పొద్దున్నే అద్దం చల్లగా ఉన్నప్పుడు, మెత్తటి గుడ్డతో తుడవాలి. కోతులున్న ఊళ్లో వైర్లను పైపుల్లోంచి తీసుకోవాలి.

ప్యానెల్‌కు 25 ఏళ్ల పనితీరు వారంటీ ఉంటుంది. ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ అంతకాలం రాదు. పది పన్నెండేళ్లకు ఒకసారి మార్చాల్సి వస్తుందనుకుని 30, 40 వేలు పక్కన పెట్టుకోవాలి. ఈ ఖర్చు చెప్పకుండా "25 ఏళ్లు ఉచిత కరెంటు" అంటే అది సగం నిజమే.

కరెంటు పోతే?

చాలామంది నిరాశపడేది ఇక్కడే. డాబా మీద ఎండ కాస్తున్నా లైనులో కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్‌కు మీ ఇంటి కరెంటు వెనక నుంచి తగలకుండా ఇన్వర్టర్ తనంతట తాను ఆగేలా చేసిన ఏర్పాటు. కోతల్లోనూ కరెంటు కావాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవాలి. ఆ ఖర్చును బిల్లు ఆదాతో రాబట్టడం కష్టం. దాన్ని సౌకర్యానికి ఇచ్చే ధరగానే చూడాలి.

సున్నా బిల్లు ఎవరి ఖర్చు?

చవక కరెంటు లేని చోట ఏం జరుగుతుందో పాకిస్తాన్ చూపింది. అక్కడ 2024లో దాదాపు 17 గిగావాట్ల ప్యానెళ్లు దిగుమతయ్యాయి. మన సూర్యఘర్ లాంటి పెద్ద సబ్సిడీ ఏదీ జనాన్ని అటు నెట్టలేదు. లైను కరెంటు భరించలేనంత ప్రియమైంది, చైనా ప్యానెళ్లు చవకయ్యాయి, జనం లెక్క వేసుకున్నారు. మన దగ్గర చిన్న ఇంటికి ఆ అవసరం రాలేదు. వాళ్లకు కరెంటు ఉచితం లేదా చాలా చవక. అందుకే సూర్యఘర్ సబ్సిడీ ఎక్కువగా ఉపయోగపడేది ఏసీలున్న ఇళ్లకే. వాళ్లకే లెక్క కుదురుతుంది.

కానీ సున్నా బిల్లు అంటే ఖర్చు లేదని కాదు. 150 యూనిట్లు వాడే గృహజ్యోతి ఇంటి తరఫున ప్రభుత్వం డిస్కంకు నెలకు 580, ఏడాదికి 6,960 రూపాయల యూనిట్ చార్జీలు భరిస్తుంది. ఆ ఇంటి డాబా మీద ఒక కిలోవాట్‌కు కేంద్ర సబ్సిడీ పోగా 45 వేలు ప్రభుత్వమే పెడితే, ఏడాదికి 6,200 రూపాయల పైన తగ్గి ఏడేళ్లు దాటగానే పెట్టుబడి తీరిపోతుంది. ఆ తర్వాత ప్యానెల్ పనిచేసినన్నాళ్లూ ఖజానాకు మిగులు. ఇంటివాళ్లకు సున్నా బిల్లు సున్నాగానే ఉంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో 480 ఇళ్లకు తలా 3 కిలోవాట్లు పెట్టినప్పుడు కేంద్ర సబ్సిడీకి కంపెనీ సామాజిక బాధ్యత నిధులు తోడయ్యాయి. అది ముఖ్యమంత్రి సొంత ఊరు. ప్రతి ఊరికీ అలా దాత దొరకడు. మరి సంగారెడ్డి ఊళ్లలో పెట్టుబడి పెట్టాల్సింది, ఆ ఇళ్ల బిల్లు ఇవాళ ఎవరు కడుతున్నారో వాళ్లే.

అంతవరకు ఇంటి యజమాని చేయాల్సిన పని ఒకటే. ఏజెన్సీ కాగితం మీద సంతకం పెట్టేముందు పన్నెండు నెలల కరెంటు బిల్లులు ముందేసుకుని సగటు తీయాలి. 200 లోపు, కార్డు ఉంటే వద్దు. కార్డు లేకపోతే, బ్యాంకు వడ్డీకి ఒక కిలోవాట్ చాలు. 250 నుంచి 400 మధ్య ఉంటే రెండు. 400 దాటితే మూడు. బ్యాంకు అప్పు దొరక్క ఊళ్లో వడ్డీకి తేవాల్సి వస్తే, సగటు ఎంత ఉన్నా ఆగడమే మేలు.